ఎనిమిదో దండయాత్ర

కిటికీకి వీపు పెట్టి కూర్చుంటేనే ఏకాగ్రత కుదురుతుందని పుస్తకంలో ఉంది. అందుకని పరీక్షకు నలభై రోజులుందనగా, పొద్దున్నే ఐదున్నరకు, తమ్ముడు చదువుకునే బల్లను గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు ఈడ్చాడు. ఆ చప్పుడుకి ఇల్లంతా లేచింది. ఇల్లంతా అంటే ఇద్దరే. ముందుగదిలో బట్టలు కుట్టి ఇల్లు నడిపే అక్క, పదో తరగతి చదివే ఆమె కూతురు.

"చదువు మొదలైందన్నమాట," అంది అక్క కళ్లు నులుముకుంటూ.

మొదలైంది. డిగ్రీలో అతనికి మిగిలింది ఒక్క పేపరే, గణాంకశాస్త్రం. అది పదకొండేళ్లుగా మిగిలే ఉంది. ఏడుసార్లు రాశాడు. ఏడుసార్లూ నిలకడగా తప్పాడు. ఈ ఎనిమిదోదే ఆఖరు, ఆ తర్వాత పాత సిలబస్‌కి నీళ్లొదిలేస్తున్నామని యూనివర్సిటీ వాళ్లు ఉత్తరం రాశారు. పైగా పనిచేసే చోట డిగ్రీ సర్టిఫికెట్ కాపీ అడిగి నాలుగు నెలలైంది. "అటక మీద పెట్టెలో ఉందండీ, వెతుకుతున్నాను," అంటూ నెట్టుకొస్తున్నాడు.

అందుకే ఈసారి పూర్తిగా పుస్తకాన్నే నమ్ముకున్నాడు. మంచి చదువు అలవాట్ల మీద పన్నెండు సూత్రాలున్న పుస్తకం అది. ఇన్నాళ్లూ ఆ సూత్రాలను తు.చ. తప్పకుండా పాటించకపోవడమే తన కొంప ముంచిందని అతని గట్టి నమ్మకం.

రెండో సూత్రం ప్రకారం టైంటేబుల్ వేశాడు. రంగురంగుల పెన్నులతో వేసేసరికి నాలుగు రోజులు పట్టింది. కష్టమైన పాఠానికి ఎరుపు, సులువైనదానికి ఆకుపచ్చ. అంతా అయ్యాక చూస్తే ఆకుపచ్చ పెన్ను మూత తీసిన పాపాన పోలేదు. మూడో సూత్రం, పాతిక నిమిషాలు చదువు, ఐదు నిమిషాలు విశ్రాంతి. విశ్రాంతి బాగా కుదిరింది. ఐదో సూత్రం ప్రకారం ఫోను అక్క చేతికిచ్చి, అడిగినా ఇవ్వొద్దన్నాడు. ఇక పావుగంటకోసారి వెళ్లి అడిగి, ఆవిడ మాట మీద నిలబడుతోందో లేదో చూసుకొచ్చాడు.

నాలుగోసారి వెళ్లినప్పుడు అక్క నోట్లోంచి గుండుసూదులు తీసింది.

"ఒరేయ్, నాకో సందేహం. ఆ పుస్తకం రాసిన మహానుభావుడు ఎప్పుడైనా పరీక్ష పాసయ్యాడా?"

అతని మొహం మాడిపోయింది. "రాసినవాణ్ని ఏమీ అనకక్కా. ఎన్ని వేలమంది పిల్లలు బాగుపడ్డారో నీకేం తెలుసు!"

"మా క్లాసులో అందరికీ ఇచ్చారు మామయ్యా," అంది మేనకోడలు. "లెక్కల సారు కుర్చీకి ఒక కాలు పొట్టిది. దానికింద పెట్టాం. సరిగ్గా సరిపోయింది!"

ఆ పిల్ల చదువు చూస్తేనే అతనికి ఒళ్లు మండేది. నేల మీద బోర్లా పడుకుని, కాళ్లూపుతూ, చెవుల్లో పాటలు పెట్టుకుని చదివేది. పన్నెండు సూత్రాల్లో పదకొండు ఒక్క దెబ్బకు తప్పేది. హాయిగా నిద్రపోవాలన్న పన్నెండోది మాత్రం శ్రద్ధగా పాటించేది. క్లాసులో ఫస్టు వచ్చేది.

కుర్చీ కాలి సంగతి విన్న ఆ పూట అతను భోజనం మానేశాడు.

ఓ ఆదివారం సాయంత్రం అతను ఒకే లెక్క ముందు తల పట్టుకుని కూర్చుంటే, మేనకోడలు వచ్చి పక్కన చతికిలబడింది. చేతిలో అక్క రాసుకునే కొలతల పుస్తకం ఉంది.

"ఇదిగో మామయ్యా, పదిమంది నడుం కొలతలు. సగటు ముప్పై రెండు. ఒక్కొక్కళ్లూ ఆ సగటుకి ఎంత దూరంలో ఉన్నారో చూడు. నువ్వు భయపడుతున్నది దీనికే."

పదకొండేళ్లుగా బుర్రకెక్కనిది అరగంటలో ఎక్కింది. ఒక లెక్క తనంతట తానే చేశాడు. జవాబు సరిపోయింది.

"రేపు ఇంకోటి చెప్తా," అంది పిల్ల.

ఆశగా తలూపబోయి ఆగిపోయాడు. గోడ మీది టైంటేబుల్ వంక చూశాడు. "రేపు చదువు లేదమ్మా, సమీక్ష. అయినా తొమ్మిదో సూత్రం ప్రకారం చదువు ఒంటరిగానే సాగాలి."

"ఆ సూత్రం మార్చెయ్యొచ్చుగా మామయ్యా?"

"అచ్చయిపోయాక మార్చడానికి వీల్లేదమ్మా," అన్నాడు దిగులుగా.

పరీక్ష హాల్లో పదో సూత్రం ప్రకారం కళ్లు మూసుకుని నిండుగా గాలి పీల్చాడు. పదకొండో సూత్రం ప్రకారం ముందు తెలిసినవి రాయాలి. తెలిసింది ఒక్కటే, నడుం కొలతల లాంటి లెక్క. అది పది నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన రెండు గంటల యాభై నిమిషాలూ గాలి పీల్చాడు.

నెలన్నర తర్వాత ఓ ఉదయం ఫలితాలొచ్చాయి. వందకి పద్నాలుగు. అవీ ఆ ఒక్క లెక్కవే. మేనకోడలు ఫోనులో చూసి, చెప్పలేక తల్లి చేతికిచ్చింది. అక్క మిషను ఆపింది. ఇస్త్రీ చొక్కా తెచ్చి అతని భుజం మీద వేసింది.

"పోనీలేరా. పనికి వేళవుతోంది, మొహం కడుక్కో."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనక్కా?"

"రోజూ పెట్టుకునేదే పెట్టుకుని వెళ్లు."

అతను మొహం కడుక్కున్నాడు, చొక్కా తొడుక్కున్నాడు, పది గంటలకల్లా కిక్కిరిసిన హాల్లో ఎనిమిది వందలమంది విద్యార్థులు లేచి నిలబడి చప్పట్లు కొడుతుండగా వేదిక ఎక్కి, ఇరవయ్యో ముద్రణకు వచ్చిన ఆ పన్నెండు సూత్రాల పుస్తకం తొలి ప్రతి మీద, రచయితగా, సంతకం పెట్టాడు.