ఏమిల్ ఇసుక కుప్ప

"ఆ రిబ్బన్లు పీకెయ్యి ఏమిల్, నీకు దణ్ణం పెడతాను!" అంది వ్లాస్తా.

"సాష్టాంగపడ్డా పీకను వదినా," అన్నాడు మరిది.

ప్లాట్ నది పొంగి నాలుగు రోజులైంది. నది నడుమ దిబ్బలన్నీ మునిగాయి. వాటి మీద పెట్టిన గుడ్లన్నీ కొట్టుకుపోయి, నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే బుల్లి టర్న్ పిట్టలు ఏమిల్ ఇసుక క్వారీ మీద గోలగోలగా తిరుగుతున్నాయి. చుట్టుపక్కల మునగని ఇసుక అదొక్కటే. కానీ పెద్ద కుప్ప నిండా కర్రలు పాతి వెండిరంగు రిబ్బన్లు కట్టించాడు మహానుభావుడు. అవి రెపరెపలాడుతుంటే పిట్టలు బెదిరి వాలవు. వాలి గుడ్లు పెట్టాయో, పిల్లలు ఎగిరిపోయేదాకా చట్టప్రకారం ఆ కుప్పని ఎవరూ ముట్టుకోకూడదు.

"ఈ వారం పది రోజుల్లో మళ్ళీ గుడ్లు పెట్టకపోతే ఈ ఏడు ఒక్క పిల్ల కూడా ఉండదయ్యా!"

"పిట్టల కోసం పని ఆపానంటే మా వాళ్ళు నా మొహం మీదే నవ్వుతారు."

నిజమే, పనివాళ్ళంతా చెవులు రిక్కించి వింటున్నారు. వ్లాస్తా గసగసాలు కూరిన తీపి రొట్టెల, కొలాచీల, డబ్బా అతని చేతిలో పెట్టింది.

"లంచమా? కొలాచీలూ ఉంచుకుంటాను, రిబ్బన్లూ ఉంచుకుంటాను!"

ఆ సాయంత్రమే రోడ్డు మునిగి క్వారీ మూతపడింది. తొమ్మిదో రోజు దారి తెరుచుకోగానే ఫోను మోగింది.

"వదినా, నా కొంప ముంచావు కదా!"

వ్లాస్తా కారేసుకుని పరుగున వెళ్ళింది. పెద్ద కుప్ప మీద ఒక్క రిబ్బను లేదు. ఇసుకలో చిన్న చిన్న గుంటలు, గుంటల్లో మచ్చల గుడ్లు. పదకొండు గూళ్ళు! ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"నేను కాదు, ఒట్టు!"

"మరి ముడులు గాలి విప్పిందా?" ఊరంతా వినపడేలా అరిచాడు ఏమిల్. అంతలో పైనుంచి ఒక పిట్ట అతని టోపీ మీద రెట్ట వేసింది. పనివాళ్ళు పడీపడీ నవ్వారు.

"నవ్వింది చాలు, చిన్న కుప్ప దగ్గరికి పొండి! ఇటు అడుగు పెట్టినవాడి కాళ్ళు విరగ్గొడతా!" అని, ఆమె వైపు చూడకుండానే గొణిగాడు. "నీ డబ్బా నీ కారులో పెట్టాను, పట్టుకుపో."

వాళ్ళ ఇళ్ళలో ఎవరి డబ్బానీ ఖాళీగా తిప్పి పంపరు. ఈ మొండివాడు ఏం పెట్టుంటాడా అని వ్లాస్తా కారెక్కి మూత తీసింది.

లోపల ఇసుక అంటిన వెండి రిబ్బన్లు, పొందిగ్గా చుట్టలు చుట్టి ఉన్నాయి.