ముగింపు చెప్పే తెర

బొమ్మ ముఖం చూసి కథ ముగింపు ముందే చెప్పేసే తెరలు ఊరూరా వచ్చిపడ్డాయి. తోలుబొమ్మలాట కాలేజీలోనూ అంతే, తెర పసిగట్టిందంటే విద్యార్థి ఫెయిలు. రెండుసార్లు ఫెయిలైన యమునాబాయికి ఇవాళ ఆఖరి అవకాశం.

ఆమె మేకతోలు బొమ్మను తెరకు ఆనించగానే మద్దెల దగ్గర కూర్చున్న తాత ఖండేరావు అదిరిపడ్డాడు.

"కన్ను పొడవలేదేమ్మే! కంటికి బెజ్జం పడితేనే కదా బొమ్మకు ప్రాణం. ప్రాణం లేని బొమ్మను ఆడిస్తే మనోళ్లు ఊరుకుంటారా?"

"కన్నుంటే తెర కనిపెట్టేస్తాది తాతా. నువ్వు వాయించు."

బొమ్మల కథ మొదలైంది. ఇల్లు కూల్చడానికొచ్చిన ఆఫీసరుకు ఒక ముసలామె అడ్డం నిలబడింది. ఆమె ఏం చేస్తుందో తెరకు అంతుపట్టలేదు. కథ చివరికొచ్చింది. తాతే కన్ను పొడిచే ఉలి అందించాడు.

"ఇప్పుడు పొడువు."

పొడిచిన కన్నులోంచి దీపం వెలుగు దూకింది. తెర తేరుకునేలోపే ముసలామె మాట యమున నోట పేలింది:

"కూల్చు సారూ. నేను లోపలే ఉంటా."