కొలతలమ్మకి కొరకరాని కొయ్య

రికార్డు రూము గుమాస్తా బరువు మిషనెక్కాడు. ముల్లు గిర్రున తిరిగి, పోయిన వారం ఆగిన చోటు దాటి మరికాస్త ముందుకెళ్ళి నిలబడింది.

కొలతలమ్మ గుండె జారిపోయింది.

ఆవిడ అసలు పేరు ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఎవరి ఒంటికి తగ్గ వంట వాళ్ళకి విడిగా వండి, మధ్యాహ్నానికి డబ్బాల్లో పంపడం ఆవిడ పని. రక్తపరీక్షలో ఏం తేలింది, రాత్రి నిద్ర పడుతోందా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, ఇవన్నీ తెలుసుకుంటే గానీ పొయ్యి వెలిగించదు. అవిసె గింజ ఒక్కటి ఎక్కువైనా మళ్ళీ తూకం వేస్తుంది. రుచి ఎలా ఉందని మాత్రం ఎవరినీ అడగదు. మందుకి రుచేమిటని ఆవిడ వాదన.

ఆసుపత్రిలో నిక్షేపంలాంటి ఉద్యోగం వదులుకుని మరీ ఈ వంటిల్లు తెరిచింది. ఆవిణ్ణి నమ్ముకుని వాళ్ళాయన కూడా తన ఉద్యోగం మానేసి కూరగాయలు తరుగుతున్నాడు. ఇద్దరి ఆశా ఈ బీమా ఆఫీసు మీదే. ఇక్కడివాళ్ళకి పని తప్ప మరో లోకం లేదు. పొద్దున్న కూర్చున్న కుర్చీలోంచి లేవరు, సాయంత్రానికి తోటకూర కాడల్లా వేలాడిపోతారు. ముందు నలుగురికి పెట్టి చూస్తాం, నలుగురూ బరువు తగ్గితే ఆఫీసంతటికీ మీ భోజనమే అని పై ఆఫీసు వాళ్ళు మాటిచ్చారు. ఒక్కరు తేడా వచ్చినా వంటింటికి తాళం పడ్డట్టే.

ముగ్గురి సంగతికి ఢోకా లేదు. మేనేజరు బెల్టుకి కొత్త బెజ్జాలు పొడిపించుకున్నాడు. క్యాషియరుకి పెళ్ళినాటి చొక్కా పట్టింది.

"మీ డబ్బా మూత తీస్తే చాలమ్మా, ఆకలి చచ్చిపోతుంది," అన్నాడు మేనేజరు.

"ఇదివరకు మధ్యాహ్నమయ్యేసరికి నాకు కళ్ళు మూతలు పడిపోయేవండీ. ఇప్పుడు కునుకు తీద్దామన్నా రావట్లేదు," అంది టైపిస్టు.

కొలతలమ్మ పొంగిపోయింది. సాయంత్రం నాలుగు డబ్బాలూ ఖాళీగా తిరిగొస్తుంటే ఆవిడకి కళ్ళు చెమర్చేవి.

ఎటొచ్చీ ఈ గుమాస్తాయే గుండెల్లో కుంపటి అయి కూర్చున్నాడు. వారం వారం ఒళ్ళు చేస్తున్నాడు. మొదట ఆవిడ మిషన్ని అనుమానించి కొత్తది కొంది. కొత్తది ఇంకాస్త ఎక్కువ చూపించింది. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే లక్షణంగా ఉందన్నారు. అన్నం తగ్గించింది, నూనె మానేసింది, ఉప్పు తీసేసింది. చివరికి ఆయన డబ్బాలో గుప్పెడు ఉడికించిన పెసలూ నాలుగు దోసకాయ ముక్కలూ మిగిలాయి. అయినా మనిషి ఊరుతూనే ఉన్నాడు. ఇక తగ్గించడానికి ఆయన పీల్చే గాలి ఒక్కటే ఉంది.

"కొంతమందికి నీళ్ళు తాగినా ఒళ్ళొస్తుందటే," అన్నాడు వాళ్ళాయన తరుగుతూనే. "నీళ్ళు కూడా కొలిచి పంపుదామా?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది.

ఒకరోజు సిగ్గు విడిచి, ఆఫీసు వదిలాక గుమాస్తా వెనకాలే నడిచింది. దారిలో బేకరీ వచ్చింది. అందులోంచి కమ్మటి వాసన వస్తోంది. ఆయన తల కూడా తిప్పలేదు. మర్నాడు ఆయన లేని వేళ చూసి వాళ్ళింటికెళ్ళింది.

"ఇంట్లో ఏం తింటారమ్మా ఆయన?"

"ఎక్కడండీ? వేడివేడిగా వండిపెట్టినా ఆకలి లేదంటారు," అంది గుమాస్తా భార్య. "అంతా మీ చేతి చలవ అనుకుంటున్నాను."

కొలతలమ్మకి మతిపోయింది. చదివిన చదువంతా ఈ ఒక్క మనిషి దగ్గర తప్పిపోతోంది.

ఇవాళే ఆఖరి తూకం. పై ఆఫీసు నుంచి ఓ పెద్దావిడ వచ్చి కూర్చుంది. ముగ్గుర్నీ చూసి మెచ్చుకుంది. గుమాస్తాని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఈయన చాటుగా ఇంకేదో తింటున్నాడు. ఆ మాట ఆయన నోటితో ఒప్పిస్తే లెక్కలోంచి తీసేస్తాను. లేదంటే ఈ ఏర్పాటు కుదరదమ్మా," అంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "పోనిద్దురూ, పాపం. ఆయన ఒంటి తత్వమే అంత."

"అవునండీ, కొందరి శరీరాలంతే," అన్నాడు క్యాషియరు చప్పున. టైపిస్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది.

వాళ్ళ మంచితనానికి కొలతలమ్మ మనసు కరిగింది. కానీ కరిగితే కుదరదు, వంటిల్లు పోతుంది. గుమాస్తా ముందుకెళ్ళి నిలబడింది.

"బాబూ, మీకు దండం పెడతాను. మావారు నన్ను నమ్ముకుని ఉద్యోగం మానేశారు. ఇవాళ కాదంటే మేమిద్దరం రోడ్డున పడతాం. నిజం చెప్పండి. నా వంట కాకుండా ఇంకేం తింటున్నారు?"

గుమాస్తా మేనేజరు వంక చూశాడు. మేనేజరు పైకప్పు వంక చూశాడు. గుమాస్తా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు.

"మీ వంట తప్ప పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదమ్మా, ఒట్టు, కాకపోతే మీరు తెల్లారకుండా లేచి మనిషి మనిషికీ కొలిచి వండిందంతా రోజూ చెత్తబుట్ట పాలవుతుంటే చూడలేక, వీళ్ళ ముగ్గురి డబ్బాలూ కూడా నేనే తింటున్నాను."