వీపు మీద పులి

"లేవవే! తెల్లారితే పండగ. ఒంటి మురికితో పోయిన పెద్దల ముందు నిలబడతావా? పద, వీపు రుద్దుతాను" అంది నాయనమ్మ, స్నానాల బుట్ట చంకన పెట్టుకుని.

వాంకూవర్‌లో విమానం ఎక్కినప్పట్నుంచీ బోరమ్ భయపడుతున్నది ఈ మాటకే. చుసోక్ పండగ ముందురోజు సొంతూరు మోక్పోలో ఆడవాళ్ళంతా ఊరుమ్మడి స్నానశాలలోనే ఉంటారు. అక్కడ బట్టలకీ చోటు లేదు, దాపరికాలకీ చోటు లేదు. బోరమ్ వీపు మీదేమో మెడ కింద నుంచి నడుము దాకా నోరు తెరిచిన పులి ఉంది. ఊరు గుర్తొచ్చి ఏడ్చిన ఒక చలికాలంలో పొడిపించుకున్న పచ్చబొట్టు అది.

"నిన్ననే స్నానం చేశాను కదా నాయనమ్మా."

"చేశావులే! నిలబడి జల్లు కింద తడిస్తే స్నానమంటారా? ఆ దేశంలో నీ వీపు రుద్దిన వాళ్ళెవరే?"

"జలుబుగా ఉంది."

"వేడినీళ్ళలో కూచుంటే అదే పారిపోతుంది."

"కుడుములు చెయ్యొద్దూ? పిన్ని ఒక్కతే..."

వంటింట్లో బియ్యప్పిండి పిసుకుతున్న పిన్ని తల ఎత్తకుండానే అంది. "కుడుములు చక్కగా చేస్తేనే చక్కటి కూతుళ్ళు పుడతారంటారు. నీ వంకర కుడుములకి వంకర కూతుళ్ళే పుడతారు గానీ, వెళ్ళిరా. అక్కడ నేల జారుతుంది. అత్తయ్య చెయ్యి మాత్రం వదలకు."

వదలడానికి నాయనమ్మ ఒప్పుకుంటేగా! ఉడుంపట్టు పట్టింది. దారి పొడుగునా మనవరాలి మోచెయ్యి అలాగే పట్టుకుని నడిచింది. పారిపోతాననుకుంటోంది కాబోలు, అనుకుంది బోరమ్. వీడియో కాల్ చేసినప్పుడల్లా మొహం బదులు ఇంటికప్పునే చూపించిన మనిషి, వచ్చిన రోజు గుమ్మంలోనే ఆపి, రెండు చేతులతో మొహమంతా తడిమి తడిమి "చిక్కిపోయావే" అని ఏడ్చింది. ఆ చేతులు మెడ దాకా వస్తే కాలరు జారుతుందేమోనని బోరమ్ ఊపిరి బిగబట్టింది.

"మీ మేనత్త కొడుకు సంగతి తెలుసుగా" అంది నాయనమ్మ వీధి మలుపులో.

"ఏమైంది?"

"మూడేళ్ళ కిందట చేతి మీద పాము బొమ్మ పొడిపించుకుని వచ్చాడు. తల్లిదండ్రులిచ్చిన ఒళ్ళే అది! రౌడీ వెధవలు చేసే పని. మళ్ళీ నా గడప తొక్కొద్దన్నాను."

"పండక్కి కూడా రాడా?"

"నాకలాంటి మనవడు లేడు."

బోరమ్ కాలరు పైకి లాక్కుంది. తనని వీపున కట్టుకుని పెంచిన మనిషి ఈమె. ఆ గడప తనకీ మూసుకుపోతే ఈ దేశంలో తనకింకేం మిగులుతుంది?

స్నానశాల నిండా ఆవిరి, చెంబుల చప్పుడు, పండగ కబుర్లు. బోరమ్ తువ్వాలు భుజాల మీదుగా కప్పుకుని గోడకి బల్లిలా అంటుకుపోయింది.

"ఏమే విదేశాల పిల్లా, పెళ్ళికూతురిలా ఆ సిగ్గేమిటి? నీకున్నవే మాకూ ఉన్నాయి!" అంది చేపల దుకాణం ముసలమ్మ. అందరూ పక్కున నవ్వారు.

"తువ్వాలు తీసి అటు తిరిగి కూచో" అంది నాయనమ్మ, పీట ముందుకు తోస్తూ.

ఇంక దారి లేదు. బోరమ్ తువ్వాలు వదిలేసి కూచుంది. చేపల దుకాణం ముసలమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది. నోరు తెరిచి ఏదో అనబోయింది. బోరమ్ దణ్ణం పెడుతున్నట్టు రెండు అరచేతులూ జోడించి రుద్దుతూ కళ్ళతోనే బతిమాలింది. ముసలమ్మ ఒకసారి నాయనమ్మ వైపు చూసింది, ఒకసారి పులి వైపు చూసింది. ఏమనుకుందో ఏమో, పెదవులు బిగించి మొహం తిప్పేసుకుంది.

ఒక గండం గడిచింది. అసలు గండం వెనకాలే కూచుంది.

గరుకు గుడ్డ వీపుని తాకింది. బోరమ్ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇప్పుడు పడుతుంది దెబ్బ, ఇప్పుడు పడుతుంది కేక, అని ఎదురుచూసింది. గుడ్డ మెడ కింద మొదలై పులి చెవులు దాటి, కోరలు దాటి, నడుము దాకా దిగింది. మళ్ళీ పైకెక్కింది. ఒళ్ళంతా మంట. వెనకాల మాత్రం మాట లేదు. ఆ మౌనం దెబ్బకన్నా ఘోరంగా ఉంది.

"నాయనమ్మా, నేనొకటి చెప్పాలి..." అంది ఉండబట్టలేక.

"నన్ను చెప్పనీ ముందు." నాయనమ్మ గుడ్డ పక్కన పెట్టి, అరచేత్తో వీపంతా మెల్లగా నిమిరింది. "పరాయి దేశం నిన్ను ఎలా మార్చేస్తుందోనని రోజూ భయపడ్డానే. కడిగిన ముత్యంలా ఉంది వీపు! ఒక్క మచ్చ లేదు. నేను పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

బోరమ్‌కి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం, అంత వేడి గదిలోనూ ఒళ్ళు చల్లబడిపోయింది.

మెల్లగా తల తిప్పి చూసింది. నాయనమ్మ జానెడు దూరంలో ఉంది. కళ్ళు పులి మీదే ఉన్నాయి. మొహంలో తృప్తి తప్ప ఇంకేం లేదు. చెంబు ముంచడానికి ఆమె చెయ్యి తీయగానే, బోరమ్ చప్పుడు కాకుండా పీట మీద నుంచి లేచి పక్కకి జరిగి నిలబడింది.

నాయనమ్మ ఖాళీ పీట మీద గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ, "ఓర్చుకో తల్లీ, అయిపోయింది" అంది.