ఎడమ చక్రం

"ఎడమ చక్రం దీపం వెలగట్లేదు, తురార్. చక్రం దిగిందో లేదో తెలియట్లేదు." రేడియోలో అన్నాడు కెప్టెన్ ఇల్యాస్.

మెకానిక్ తురార్ తలెత్తి చూశాడు. రెండు ఇంజన్ల బుల్లి విమానం బల్ఖాష్ రన్‌వే మీదుగా కిందికంటా వచ్చి వెళ్లింది. మూడు చక్రాలూ నిక్షేపంగా దిగి ఉన్నాయి. ఎందుకుండవు? విమానం ఊపుకి ఆరిపోయేలా ఆ దీపం బల్బును పొద్దున వదులు చేసింది తనే.

"ఇక్కణ్ణుంచి సరిగ్గా కనపడట్లేదు కెప్టెన్. ఇంకో నాలుగు చుట్లు తిరగండి."

హ్యాంగర్ పక్క గడ్డిలో బంధువులంతా చేరారు. తురార్ చెల్లెలు రౌషన్ తన కొడుకు కాళ్లకు నలుపూ తెలుపూ కలిపి పేనిన తాడు కట్టింది. నడక మొదలెట్టే బిడ్డకు ఆ తాడు ఎవరు కోస్తే వాళ్ల గుణమే వస్తుందని అక్కడి నమ్మకం. ఆ గౌరవాన్ని ఆమె ఇల్యాస్‌కిచ్చింది. మేనమామ తనుండగా! వారం నుంచి తురార్‌కి అదే ఉక్రోషం. ఆ విమానం రోజూ క్షేమంగా ఎగురుతోందంటే ఎవరి చేతి చలవట?

"మధ్యాహ్నం కాకముందే కోయాలమ్మాయ్," అంది రౌషన్ అత్తగారు.

"పైన ఆయన ప్రాణాలు అరచేత పట్టుకుని తిరుగుతుంటే తొందరేంటత్తయ్యా?"

"ఆయన దిగేదాకా సూర్యుడు ఆగుతాడా? మీ అన్నయ్య ఉన్నాడుగా."

రౌషన్ చేసేది లేక కత్తెర అందించింది. "కానీ అన్నయ్యా."

తురార్ ఒక్క కత్తిరింపుతో తాడు కోసేశాడు. అందరికీ నూనెలో వేయించిన వేడి వేడి బౌర్సాకు రొట్టెలు పంచారు. అప్పుడు తీరిగ్గా రేడియో అందుకున్నాడు.

"కెప్టెన్, ఒకసారి ఆ బల్బు బిగించి చూడండి."

"అమ్మయ్య, వెలిగింది."

కాసేపటికి ఇల్యాస్ చెమటతో తడిసిన చొక్కాతో వచ్చి అతన్ని కావలించుకున్నాడు. "నీ పుణ్యమా అని బతికాను తమ్ముడూ."

తురార్ అతని చేతికో బౌర్సాకు అందించాడు.

ఇల్యాస్ తను తెచ్చిన రేకు విమానాన్ని గడ్డిలో పెట్టాడు. పిల్లాడు తడబడుతూ నాలుగడుగులు వేసి దాని దగ్గర కూలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు బొమ్మను తిరగేశాడు. చుట్టూ ఓరగా చూశాడు. ఎడమ చక్రాన్ని మెల్లగా తిప్పి తిప్పి ఊడబీకాడు.

రౌషన్ మురిసిపోయింది.

"తాడు కోసిన చేతి మహిమ. అచ్చం మా అన్నయ్యే."