కంప్రెసర్ గారి సోలో

“ఇక ఆపేయండి,” అన్నాడు బ్యాండు మాస్టారు, కీబోర్డు మీంచి చేతులు తీసేసి.

కంప్రెసర్ గిటారు తీగల మీద అరచెయ్యి అదిమి నిలబడిపోయాడు. హోటలు వంటగది వెనక ఉన్న ఆ రిహార్సల్ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. డ్రమ్ములతను బూటు లేసు కట్టుకునే వంకతో తల దించుకున్నాడు.

“విడిగా చూస్తే మీ ముక్కలు ఒక్కోటీ బాగుంది. కానీ కింద నేను ఒక కార్డు పడితే మీరు ఇంకోదాని మీద దిగుతున్నారు,” అన్నాడు మాస్టారు.

కార్డంటే పాట కింద ఆసరాగా మోగే స్వరాల గుంపు. అది మారితే పైన ఒప్పయిన స్వరమే తప్పయి కూర్చుంటుంది. ఆ మాత్రం కంప్రెసర్‌కి తెలియక కాదు.

అతని అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. ఫ్రిజ్జులు బాగుచేసే షాపులో పొద్దస్తమానం ఫ్రిజ్జు కంప్రెసర్‌లా ఏదో ఒక కూనిరాగం తీస్తూ ఉంటాడని తోటి మెకానిక్కులు ఆ పేరు తగిలించారు. పాపం, ఆ కూనిరాగమంతా సాధనే! లీడ్ గిటారు వాయించేవాళ్లు అప్పటికప్పుడు కల్పించేది ఆకాశంలోంచి ఊడిపడదు. లిక్కులని, చిన్న చిన్న స్వరాల ముక్కలు ముందే వేళ్లకి పట్టి ఉండాలి. సమయానికి తగినది తీసి అతకాలి. కంప్రెసర్ పెళ్లికి ముందు నుంచీ వాటినే పోగేస్తున్నాడు. నోటితో పాడటం, వాయించడం, అదే ముక్కని వేరే శృతిలో, వేరే నడకలో తిప్పి చూడటం, ఇదే పని. జుట్టు నెరిసింది గానీ ఏ బ్యాండూ పిలవలేదు. ఇప్పుడీ హోటలు బ్యాండులో లీడ్ గిటారు చోటు ఖాళీ అయింది. ఇదీ పోతే ఈ వయసులో ఇంకెవరు పెట్టుకుంటారు?

“ఇంట్లో ఇలా జరగదండీ,” అన్నాడు కంప్రెసర్. “మా ఆవిడ కార్డులు పడితే ఒక్క స్వరం తప్పదు. ఒట్టు.”

మాస్టారు నవ్వలేదు. కీబోర్డతను మానేశాక ఆ పనీ తనే నెత్తినేసుకుని అలిసిపోయి ఉన్నాడు. అలవాటైన చెయ్యి లేక తడబడ్డారేమో, రేపు ఆవిడనే తీసుకురమ్మన్నాడు.

ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. పాటల క్లాసులో కీబోర్డు వాయిస్తుంది. సంగతి వినగానే ఆవిడ మొహం పాలిపోయింది. పిల్లలు ఎటు పోతే అటు వెంటబడటం తప్ప తనకేం వచ్చని, పెద్దవాళ్ల ముందు నవ్వులపాలవుతామని, హాయిగా ఇంట్లోనే వాయించుకుందామని బతిమాలింది. అతనికి ఒళ్లు మండింది. కట్టుకున్నదానికే తన మీద నమ్మకం లేకపోతే ఇక ఎవరికి ఉంటుంది?

“నా బతుకులో ఇదొక్కటే అడుగుతున్నానే,” అన్నాడు చివరికి.

ఆవిడ కళ్లు తుడుచుకుని సరేనంది.

మర్నాడు అదే గది, అదే పాట. ఆవిడ అతని వేళ్ల మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది. మొదటి ముక్క కాస్త వణికింది. రెండోది కుదిరింది. ఆ తర్వాత అతను కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్లుగా పోగేసినవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి, ఏది ఎక్కడ దించినా అతికినట్టు సరిపోయింది. డ్రమ్ములతను తల ఊపుతూ వాయించాడు. మాస్టారు మాత్రం కుర్చీ జరుపుకుని కీబోర్డు పక్కన చేరాడు.

పాట అయ్యేసరికి కంప్రెసర్ చొక్కా తడిసిపోయింది. బతుకులో మొదటిసారి తనకి ఏడవాలనిపించేంత సంతోషం కలిగింది.

“రేపట్నించి వచ్చేయండమ్మా,” అన్నాడు మాస్టారు, ఆవిడకి దండం పెట్టి.

అమ్మా ఏమిటి? కంప్రెసర్ వెర్రిమొహం వేసుకుని చూశాడు. మాస్టారు జాలిగా అతని భుజం తట్టి, డ్రమ్ములతన్ని తీసుకుని బయటికి నడిచాడు.

“నేనంత బాగా వాయిస్తే నన్నొదిలేసి నిన్ను రమ్మంటాడేంటే?”

ఆవిడ కీబోర్డు స్విచ్చి ఆపింది. తలెత్తకుండానే చెప్పింది.

“మీరు తప్పినప్పుడల్లా నేను కార్డు మార్చేదాన్నండీ.”