తాళం వేసిన వాటా

అన్యాయం జరిగింది ఎవరికి? కోడలికి.

ఎలా జరిగింది? వెనక వాటాలో కాపురమున్నన్నాళ్లూ ఆమె బిడ్డ కడుపునొప్పితో మెలికలు తిరిగాడు. ఈడు పిల్లలు పరుగులు తీస్తుంటే, చురుకు లేక మూల కూర్చున్నాడు. తప్పు తల్లిదేనని ఇల్లూ వీధీ ఆస్పత్రీ ఏకమై తేల్చేశాయి.

ఆమె బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి పోయింది. కొన్నాళ్లకు మొగుడూ అటే పోయాడు. అక్కడ మందూ మాకూ లేకుండానే పిల్లాడు తేరుకున్నాడు.

“చూశారా? అమ్మమ్మ చేతి ముద్ద ఒంటబట్టింది. తల్లికి పెట్టడం చేతకాలేదు,” అంది అత్తగారు, వీధి వీధంతా వినేలా.

చెయ్యి మారడం అందరికీ కనిపించింది. ఇల్లు మారిందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఖాళీ అయిన వాటాకు అత్తగారు ‘అద్దెకు ఇవ్వబడును’ అట్ట కట్టింది. ఆ అద్దె వస్తేనే ఆవిడకు పూట గడిచేది.

ఒక జంట వచ్చి, ఇల్లు చూసి మురిసిపోయింది. భార్య చంకలో పాప. తిరిగి వెళ్తుంటే గేటు దగ్గర గొడుగేసుకుని నిలబడ్డ ఒక ముసలావిడ పలకరించింది.

“పాప పాకుతోందా, అమ్మా?”

“ఇప్పుడిప్పుడేనండీ.”

“అయితే ఈ ఇల్లు వద్దు. గోడ అవతలి షెడ్డులో ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లు. షెడ్డు మూతబడింది గానీ, ఆ విషపు దుమ్ము ఈ పెరటి మట్టిలోనే ఉంది.”

ఆ జంట మళ్లీ కనిపించలేదు. తరువాత వచ్చినవారూ గేటు దగ్గరినుంచే మాయమయ్యారు.

అత్తగారికి ఒళ్లు మండిపోయింది.

“ఎవరమ్మా మీరు? నా నోటి దగ్గర కూడు లాగేయడానికి ఎక్కడినుంచి ఊడిపడ్డారు?”

“పసిపిల్లలున్నవాళ్లకు ఇవ్వకండమ్మా.”

“పిల్లల్లేనివాళ్లని నేనెక్కణ్ణుంచి తేను? ఈ ఇంట్లోనే నా తల నెరిసింది. నాకేం రోగమొచ్చింది?”

“మీరు మట్టిలో పాకరు. ఆ చేతులు నోట్లో పెట్టుకోరు.”

“అంత బెంగగా ఉంటే మీరే తీసుకోండి!”

“సరే,” అంది ముసలావిడ. “ఇవాళ్టినుంచే.”

తీసుకుంది. కానీ చేరలేదు. తలుపుకు తాళం వేసింది. నెల తిరగగానే అద్దె ఇచ్చేది, తడిగుడ్డతో గచ్చు తుడిచేది, మళ్లీ తాళం వేసుకుని తన దారిన పోయేది.

“ఏమ్మా, తాళంకప్పతో కాపురం పెట్టించారట!” అన్నాడు ఇస్త్రీ బండి ఆయన. “నీళ్ల గొడవ లేదు, చుట్టాల బెడద లేదు. మీ అదృష్టమే అదృష్టం.”

“నువ్వూరుకోవయ్యా! అద్దె ఉంది, ఆడమనిషి తోడు లేదు. పలకరిద్దామంటే తాళం పలుకుతుందా?”

ఒకనాడు ముసలావిడ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది. పెరడంతా సిమెంటు చేయిస్తానంది.

“నా ఆకుకూర మడి మీద సిమెంటా? మీకేం పోయేకాలం?”

“మీ కోడలు ఈ మడిలోదేగా పిల్లాడికి వండిపెట్టింది?”

“దాని ఊసు మీకెవరు చెప్పారు?”

మేస్త్రీ తాపీ పట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

“అద్దెకున్నవాళ్లు అద్దెకున్నట్టుండాలి. నెలాఖరుకి ఖాళీ చేయండి!” అంది అత్తగారు.

“అందాకా ఎవరినీ దింపకండమ్మా. అంతే చాలు.”

నెల గడిచింది. ఆవిడ రాలేదు. తాళం మాత్రం అలాగే వేలాడుతోంది. ఇద్దరు పసివాళ్లున్న ఒక కుటుంబం సామాను సర్దుకుని కబురు కోసం చూస్తోంది. విసిగిపోయిన అత్తగారు తాళం పగలగొట్టించడానికి మనిషిని పిలవబోయింది.

ఆ పొద్దునే గేటు ముందు లారీ ఆగింది. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న మనుషులు దిగి పెరడు తవ్వసాగారు.

“ఏమిటీ దౌర్జన్యం?” అని విరుచుకుపడింది అత్తగారు.

“మట్టి తీసేయమని ఉత్తర్వమ్మా,” అన్నాడు వారి అధికారి. “ఒక పెద్దావిడ అర్జీల మీద అర్జీలు పెట్టి మా ప్రాణాలు తోడేశారు. ఈ గోడ వెంబడి ఇళ్ల పిల్లలందరికీ ఒకే నొప్పి అని మ్యాపు గీసి మరీ చూపించారు. పరీక్ష చేయిస్తే, అన్నిటికంటే మీ పెరట్లోనే ఎక్కువ సీసం తేలింది. ఈమధ్య ఇక్కడ పసిపిల్లలెవరైనా ఉన్నారా?”

“లేరు నాయనా. తాళం వేసి ఉంది.”

“బతికించారు!”

అత్తగారు మెట్టు మీద కూలబడింది. మనవడు పాకిన చోటనే గడ్డపార దిగుతోంది.

సాయంత్రం కోడలు వచ్చింది.

“వాటా ఖాళీ చేయడానికొచ్చాను, అత్తయ్యా. ఆవిడ పోయారు. తాళంచెవి నాకిచ్చి పోయారు.”

“నీకా? నీకేమవుతుందే ఆవిడ?”

“ఏమీ కారు. ఒకరోజు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. మా అమ్మ ముందు, మీ అబ్బాయి ముందు, ‘తప్పు ఈ పిల్లది కాదు, ఆ మట్టిది’ అని చెప్పి వెళ్లారు.”

“అమ్మాయ్, నేను నిన్ను...” అత్తగారు కోడలి చేతిలోంచి తాళంచెవి అందుకుంది. “ఇంతకీ ఎవరావిడ?”

“బిడ్డను పెంచడం చేతకాని తల్లినని ఆస్పత్రిలో నన్ను అందరికంటే ముందు అన్న డాక్టరమ్మ, అత్తయ్యా; పోయేముందు నా చెయ్యి పట్టుకుని ‘నీ బాకీ తీరిందా, తల్లీ?’ అని అడిగితే, పైసాతో సహా తీరిందని చెప్పాను.”